తొడలోకి వెళ్లే రాడ్డుకు ముందు ‘బొమ్మ ఎముక’ మీద పరీక్ష

వాకిట్లో చల్లిన నీళ్లమీద కాలు జారి పడిన ముసలమ్మను మంచంతో సహా ట్రాక్టరు ఎక్కించి ఆసుపత్రికి తీసుకువెళ్లడం ఏ పల్లెకూ కొత్త కాదు. తుంటి విరిగిందని ఎక్స్‌రేలో తేలుతుంది. రాడ్డు వేయాలనో, కీలు మార్చాలనో డాక్టరు అంటాడు. ఖర్చెంత, మంచం ఎప్పుడు దిగుతుంది, మళ్లీ తన పని తాను చేసుకుంటుందా అని ఇంటివాళ్లు అడుగుతారు. ఆ రాడ్డు ఎంత బరువుకు ఆగుతుంది, ఆగుతుందని ఎవరు, ఎక్కడ, దేనిమీద పరీక్షించి చూశారు అని అడిగేవాళ్లు మాత్రం కనబడరు. అడిగితే తప్పు లేదు. ఎద్దుల బండికి ఇరుసు మార్చినా నాలుగు బస్తాలు వేసి చూసిగాని సంతకు తోలరు కదా!

రాడ్లు, పలకలు, స్క్రూలు, కృత్రిమ కీళ్లు మనిషి ఒంట్లోకి వెళ్లేముందు వాటికి జరిగే పరీక్షల్లో చాలాభాగం బొమ్మ ఎముకలమీద జరుగుతాయి. బొమ్మ అన్నామని పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ సరుకు అనుకోరాదు. గాజుపోగులు, జిగురు, నురుగు కలిపి పోతపోసిన ఈ ఎముక ఆకారంలోనే కాక వంగడంలో, మెలి తిరగడంలో, బరువు మోయడంలో కూడా మనిషి తొడ ఎముకకు దగ్గరగా ఉంటుంది. వీటి తయారీలో అన్నిటికంటె పేరుపడిన కంపెనీ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ నగరం ఎదుట ఉన్న వాషాన్ అనే దీవిలో ఉంది. కంపెనీ పేరు పసిఫిక్ రీసెర్చ్ లేబొరేటరీస్. సరుకు పేరు ‘సాబోన్స్’. ఇంగ్లీషులో ఈ మాటకు ‘ఎముకలు కోసేవాడు’ అని అర్థం. వెనకటికి శస్త్రవైద్యుడిని అక్కడి జనం వేళాకోళంగా ఇలా పిలిచేవారు.

నల్లరేగడిలో ఒక నాగలి, చెల్కలో ఒక నాగలి

అసలు ఎముకలే ఉండగా బొమ్మలెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. శవాల ఎముకలమీద పరీక్షలు చాలాకాలంగా జరుగుతున్నాయి, ఇప్పటికీ జరుగుతున్నాయి. చిక్కల్లా ఏమిటంటే ఏ ఇద్దరి ఎముకలూ ఒక తీరుగా ఉండవు. మూటలు మోసినవాడి ఎముక వేరు, కుర్చీలో కూర్చున్నవాడి ఎముక వేరు. ముప్పయ్యేళ్లవాడిదీ ఎనభయ్యేళ్ల అవ్వదీ పోల్చే పనే లేదు. రెండు రకాల నాగళ్లలో ఏది మంచిదో తేల్చడానికి ఒకదాన్ని నల్లరేగడిలోను, మరొకదాన్ని చెల్కలోను దున్నించి చూస్తే ఏం తెలుస్తుంది? తేడా నాగలిదో, నేలదో చెప్పలేం. రాడ్ల విషయమూ అంతే.

పైగా ఎముక ఎండితే పెళుసవుతుంది. మందునీళ్లలో ఊరబెడితే గుణం మారుతుంది. చెడకుండా గడ్డ కట్టించి దాచాలి. రోజుల తరబడి నడిచే పరీక్షకు మామూలు గదిలో బిగిస్తే కుళ్లిపోతుంది. చనిపోయిన మనిషికి ఏ రోగం ఉండేదో, అది పరీక్ష చేసేవాడికి అంటుకుంటుందో అన్న భయం మరొకటి.

ఇటలీలోని బొలోన్యా నగరంలో పరిశోధకులు గాజుపోగుల తొడ ఎముకలను, శవాల తొడ ఎముకలను పక్కపక్కనే పెట్టి కొలిచారు. ఆ ఫలితాలు 1996లో అచ్చయ్యాయి. బొమ్మ ఎముకల గుణాలు శవాల ఎముకల గుణాల పరిధిలోనే ఉన్నాయని తేలింది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఒక ఎముకకూ మరొక ఎముకకూ మధ్య ఉండే తేడా బొమ్మల్లో 20 నుంచి 200 రెట్లు తక్కువగా ఉంది. అంటే పది రాడ్లను పది బొమ్మ ఎముకల్లో వేసి చూస్తే బయటపడే తేడా రాడ్డుదేగాని ఎముకది కాదు.

ఎముకల కరువు గురించి చెప్పుకునేటప్పుడు మన దేశం ప్రసక్తి రాక మానదు. ఒకప్పుడు ప్రపంచంలోని వైద్య కళాశాలలకు మనుషుల అస్థిపంజరాలు ఎక్కువభాగం భారతదేశం నుంచే, అందులోనూ కలకత్తా నుంచే వెళ్లేవి. దిక్కూమొక్కూ లేనివారి శవాలు, దహనానికి కట్టెలు కొనలేని బీదల శవాలు ఈ వ్యాపారానికి సరుకయ్యాయి. 1985లో కేంద్ర ప్రభుత్వం ఈ ఎగుమతిని నిషేధించింది. ఆ తరువాత విదేశీ కళాశాలలు ప్లాస్టిక్ అస్థిపంజరాల వైపు మరింతగా మళ్లాయి. అయితే పాఠం చెప్పడానికి వాడే బొమ్మకు ఆకారం ఉంటే చాలు, బలంతో పని లేదు. పరీక్షకు వాడే బొమ్మకు రెండూ ఉండాలి. అక్కడే ఉంది కష్టమంతా.

సున్నమూ, పీచూ

ఎముక ఎందుకంత గట్టిదో తెలియాలంటే అందులో ఏముందో చూడాలి. బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు సున్నపు జాతి లవణం. మిగిలింది కొల్లాజెన్ అనే పీచు పదార్థమూ, నీరూ. పీచు పోతే ఏమవుతుందో అస్థిసంచయనానికి వెళ్లిన ప్రతివారికీ తెలుసు. చితిలో కాలిన ఎముక వేళ్లమధ్యే నలిగిపోతుంది. లవణం పోతే ఏమవుతుందో చూడాలంటే కోడికాలు ఎముకను కొన్నాళ్లపాటు వెనిగర్‌లో నానబెట్టాలి. రబ్బరులా వంగుతుంది. రెండూ కలిసి ఉన్నప్పుడే ఎముక ఎముకగా నిలుస్తుంది. మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కి గోడ పెట్టే పెద్దలకు ఈ కిటుకు కొత్తది కాదు. మట్టి బరువు మోస్తుంది, గడ్డి పగుళ్లు పారకుండా పట్టి ఉంచుతుంది.

ఇక నిర్మాణం. తొడ ఎముక నడిమిభాగం వెదురుబొంగులా గొట్టం. చుట్టూ గట్టి పెంకు, లోపల మూలుగ. రెండు చివరల మాత్రం పైన పలచని పెంకు, లోపల తేనెపట్టు లాంటి సన్నని అల్లిక. ఈ అల్లిక అడ్డదిడ్డంగా ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. 1866లో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ నగరంలో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీరశాస్త్రజ్ఞుడు తొడ ఎముక పైభాగాన్ని నిలువునా కోసి చూపిస్తుంటే కార్ల్ కుల్మాన్ అనే ఇంజనీరు చూడడం తటస్థించింది. వంతెనలు, క్రేన్లు లెక్కగట్టే మనిషి ఆయన. ఆ అల్లికలోని గీతలు తాను క్రేనుకు బరువు ఎటు పారుతుందో వేసుకునే గీతల్లాగే ఉన్నాయని గుర్తుపట్టాడు. అంటే బరువు పడే దారివెంటే ఎముక తనను తాను కట్టుకుంటున్నదన్నమాట. 1892లో జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ దీనిని ఒక సూత్రంగా రాశాడు. బరువు పడేచోట ఎముక బలుస్తుంది, పడనిచోట సన్నబడుతుంది. కాడి ఒరుసుకునేచోట ఎద్దు మెడ కాయకట్టినట్టే.

వోల్ఫ్ మాటకూ రాడ్లకూ సంబంధం ఉంది. ఉక్కు ఎముకకంటె పది పన్నెండు రెట్లు బిర్రు. టైటానియం అనే తేలికలోహం కూడా ఆరేడు రెట్లు బిర్రు. అంత బిర్రైన కడ్డీ లోపల ఉంటే బరువంతా అదే మోస్తుంది. పక్కనున్న ఎముకకు పని తగ్గి, ఏళ్లు గడిచేకొద్దీ సన్నబడుతుంది. కాబట్టి గట్టి రాడ్డే మంచి రాడ్డు అనుకోవడానికి వీలు లేదు. ఎముకకు ఎంత పని మిగిలింది అన్నది కూడా కొలవాలి. దానికి ఎముకలాగే వంగే బొమ్మ కావాలి.

గాజు మీద రంగులు

ఇందుకోసం వెనకటి ప్రయత్నాలు ముచ్చటగా ఉంటాయి. జర్మనీకి చెందిన ఎముకల వైద్యుడు ఫ్రీడ్రిష్ పౌవెల్స్ పారదర్శకమైన పలకను తొడ ఎముక ఆకారంలో కోసి, దానిమీద బరువు పెట్టి, ప్రత్యేకమైన వెలుతురులో చూసేవాడు. ఒత్తిడి పడినచోట్ల రంగుల చారలు కనబడేవి. చారలు దట్టంగా ఉన్నచోట ఒత్తిడి ఎక్కువ. చూడడానికి అందంగానే ఉంటుందిగాని, పలక పలకే, ఎముక గొట్టం గొట్టమే.

1938లో అమెరికాలో ఇద్దరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే పనిముట్టును కనిపెట్టారు. సన్నని తీగను కాగితంమీద అతికించి, దానిని వస్తువుకు అంటిస్తే, వస్తువు వెంట్రుకవాసి సాగినా తీగలో కరెంటు పారే తీరు మారుతుంది. ఎంత సాగిందో దానినిబట్టి లెక్కగట్టవచ్చు. ఈ ‘స్ట్రెయిన్ గేజి’ తపాలా బిళ్లకంటె చిన్నది. ఎముకమీద పదిచోట్ల అంటించి బరువు పెడితే ఏ చోటు ఎంత నలిగిందో, ఎంత సాగిందో అంకెల్లో వస్తుంది. ఇవాళ్టి పరీక్షలకు కూడా ఇదే ఆధారం.

పోత పోసే తీరు

బొమ్మ ఎముక తయారీ విగ్రహాల పోతకు దగ్గరి చుట్టం. మొదట ఒక మంచి ఎముకను సి.టి. స్కాన్ తీసి, ఆ కొలతలతో మూల నమూనా చేస్తారు. దానినుంచి అచ్చులు తీస్తారు. లోపలి అచ్చు ఒకటి, బయటి అచ్చు ఒకటి. రెంటికీ మధ్య తేడా సరిగ్గా ఎముక పెంకు మందం.

లోపలి అచ్చులో పోసేది పాలియురెథేన్. పరుపులకూ, ఫ్రిజ్‌ల గోడలకూ వాడే నురుగు జాతిదే, కాని ఇది గట్టిరకం. రెండు ద్రవాలను కలపగానే లోపల గాలిబుడగలు పుట్టి, పులిసిన ఇడ్లీపిండిలా పొంగి, అచ్చునిండా పట్టి గట్టిపడుతుంది. ఎంత పదార్థం పోశారన్నదాన్నిబట్టి నురుగు చిక్కదనం మారుతుంది. మెత్తగా కావాలంటే తక్కువ, దిట్టంగా కావాలంటే ఎక్కువ. ఎముక చివరల ఉండే తేనెపట్టుకు ఇది ప్రత్యామ్నాయం. నడిమి భాగంలో మూలుగకు బదులు ఖాళీ గొట్టం వదులుతారు.

ఇక పెంకు. మొదట్లో, అంటే 1980లలో, గాజుపోగుల గుడ్డను జిగురులో తడిపి నురుగుచుట్టూ చుట్టేవారు. చేతిపని కాబట్టి ఒకచోట మందం, ఒకచోట పలచన. 1990ల చివరకు ఆ పద్ధతి పోయింది. పొట్టి గాజుపోగులను ఎపాక్సీ అనే జిగురులో కలిపి, నురుగు గుండెను బయటి అచ్చులో నిలబెట్టి, చుట్టూ మిగిలిన సందులోకి ఒత్తిడితో ఎక్కిస్తున్నారు. ఆరిన తరువాత అచ్చు విప్పితే ఎముక సిద్ధం. ఆ తరువాతి తరం బొమ్మల్లో జిగురును ఇంకా మెరుగుపరచారు. పదేపదే బరువు పడినా తొందరగా పగుళ్లివ్వకుండా చూడడమే ఆ మార్పు ఉద్దేశం. ఆ పెంకు ఇప్పుడు బిర్రుదనంలో మనిషి తొడ ఎముక పెంకుతో ఇంచుమించు సమానం.

గాజుపోగు, జిగురు అనగానే మన హైదరాబాదుకు సంబంధించిన ఒక సంగతి చెప్పుకోవాలి. 1990లలో ఏ.పి.జె. అబ్దుల్ కలాం హైదరాబాదులో క్షిపణులు తయారుచేస్తున్న రోజుల్లో ఇలాంటి తేలికైన, గట్టి పదార్థాన్ని ఒక ఎముకల వైద్యుడు చూశాడు. కలాంను నిమ్స్ ఆసుపత్రికి తీసుకువెళ్లి, పోలియో సోకిన పిల్లలు మూడు నాలుగు కిలోల ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూపించాడు. క్షిపణికి పనికివచ్చిన విద్యతోనే ఆ బరువును మూడు నాలుగు వందల గ్రాములకు దించారు. తనకు అన్నిటికంటె సంతోషం కలిగించిన పనుల్లో దానిని ఒకటిగా కలాం చెప్పుకునేవారు. గడ్డీ మట్టీ కలిపిన గోడ విద్యే అక్కడ క్షిపణి అయింది, కాలిపరు అయింది. వాషాన్ దీవిలో ఎముక అయింది.

యాభై లక్షల అడుగులు

మనిషి నిలబడి ఉంటే తుంటిమీద పడేది అతని బరువే అనుకుంటాం. నడకలో అలా కాదు. ఒక కాలు గాలిలో ఉన్నప్పుడు ఒళ్లంతా రెండో తుంటిమీద ఊగుతుంది. పడిపోకుండా పిరుదు కండరాలు అవతలి వైపునుంచి గుంజి పట్టుకోవాలి. నీళ్లు తోడే ఏతం గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా బోధపడుతుంది. పొడుగు చివర బరువును పొట్టి చివరనుంచి ఆపాలంటే ఎక్కువ బలం కావాలి. ఆ రెండు బలాలూ కలిసి నడిమి ఆధారంమీద, అంటే కీలుమీద పడతాయి. బెర్లిన్ నగరంలో బెర్గ్‌మాన్ అనే శాస్త్రవేత్త బృందం కృత్రిమ కీళ్లలోపలే చిన్న యంత్రాలు అమర్చి, రోగులు నడుస్తుండగా కొలిచింది. మామూలు నడకలో ఒంటి బరువుకు దాదాపు రెండున్నర రెట్లు పడుతున్నది. రోగి ఒకరు తూలి పడబోయినప్పుడు ఎనిమిది రెట్లు దాటింది. 60 కిలోల మనిషి తూలితే తుంటిమీద దాదాపు అయిదు క్వింటాళ్లు!

పరీక్ష యంత్రంలో బొమ్మ ఎముక కింది చివరను సిమెంటులాంటి పదార్థంలో పాతి, నడకలో తొడ ఎలా వాలుతుందో అలా వాల్చి నిలబెడతారు. పైనుంచి యంత్రం దించుతుంది, ఎత్తుతుంది. ముందు రాడ్డు లేకుండా కొలుస్తారు. తరువాత రాడ్డు వేసి మళ్లీ కొలుస్తారు. రెండు వరుసల అంకెలను పక్కపక్కన పెడితే రాడ్డు ఎముక పనిని ఎంత లాగేసుకుందో తెలుస్తుంది. కొన్ని పరీక్షల్లో విరిగేదాకా బరువు పెంచుతూ పోతారు. ఎక్కడ విరిగింది, స్క్రూ రంధ్రం దగ్గరా, రాడ్డు చివరా అన్నది చూసి నమూనా మారుస్తారు.

ఒక్క దెబ్బకు ఆగడం వేరు, లక్షల దెబ్బలకు ఆగడం వేరు. ఇనుపతీగను ఒకసారి వంచితే తెగదు, అటూ ఇటూ పదిసార్లు వంచితే తెగుతుంది. ఒక కాలు ఏడాదికి వేసే అడుగులను ఈ పరీక్షల్లో పది లక్షలుగా లెక్క కడతారు. తుంటికీలు కాడకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. కాడ కింది భాగాన్ని మాత్రమే బిగించి, పైభాగం పట్టు వదిలిన పరిస్థితిని కావాలనే కల్పించి, సుమారు 230 కిలోల బరువుతో 50 లక్షల సార్లు కొట్టాలి. కాడ మెడకైతే సుమారు 540 కిలోలతో కోటిసార్లు. సెకనుకు పది దెబ్బల చొప్పున రాత్రింబవళ్లు కొట్టినా 50 లక్షలకు దాదాపు ఆరు రోజులు పడుతుంది. శవం ఎముక అన్నాళ్లు ఓర్చుకోదు.

స్క్రూల పరీక్షకు పూర్తి ఎముక కూడా అక్కరలేదు. నురుగు దిమ్మెలు చాలు. ఈ దిమ్మెలు ఎలా ఉండాలో అమెరికా ప్రమాణాల సంస్థ 1997లో నిర్ణయించింది. చిక్కదనాన్నిబట్టి రకాలు ఏర్పరచింది. ఘనపు మీటరుకు 160 కిలోలు తూగే రకం బోలు ఎముకకు దగ్గర. 320 కిలోల రకం ఆరోగ్యంగా ఉన్నదానికి దగ్గర. స్క్రూ బిగించి, ఊడేదాకా లాగి, ఎంత బలానికి ఊడిందో రాసుకుంటారు. మామిడిచెక్కలో దిగిన మేకుకూ టేకులో దిగిన మేకుకూ పట్టులో తేడా వడ్రంగి చేతికి తెలుసు. ఇక్కడ ఆ తేడానే అంకెల్లో పెడుతున్నారు. ముసలివాళ్ల తుంటిలో స్క్రూ నిలవక కోసుకుని బయటికి రావడం ఎముకల వైద్యులకు పెద్ద తలనొప్పి. మెత్తని దిమ్మెలమీద పరీక్షించకుండా గట్టి దిమ్మెమీద మాత్రమే పరీక్షించిన స్క్రూ వారికి ఎందుకు పనికివస్తుంది?

పరీక్ష లేకపోతే

పరీక్షించకుండా వాడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రి కథ ఒక్కటి చాలు. తుంటికీలు మార్పిడికి ఆద్యుడుగా పేరుపడిన జాన్ ఛార్న్‌లే 1950ల చివర కీలు గిన్నెను టెఫ్లాన్‌తో చేసేవాడు. ఈనాడు అట్టు అంటుకోని పెనాలకు పూసే పదార్థమే. జారుడు బాగుంటుందని ఎంచుకున్నాడు. ఆపరేషన్ అయిన రోగులు లేచి నడిచారు, అందరూ సంతోషించారు. రెండు మూడేళ్లు తిరిగేసరికి టెఫ్లాన్ అరిగి, ఆ పొడికి చుట్టూ కండ వాచి, ఎముక తినుకుపోయింది. దాదాపు 300 మందికి అప్పటికే వేసి ఉన్నాడు. ఒక్కొక్కరినీ మళ్లీ కోయాల్సి వచ్చింది. ఆ పదార్థం ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి దాని ముక్కలను తన తొడ చర్మం కిందనే పెట్టించుకున్నాడాయన.

1962లో ఒక అమ్మకందారు కొత్తరకం ప్లాస్టిక్ ముక్క పట్టుకొచ్చాడు. లాంకషైర్ నేత మిల్లుల్లో మగ్గాల భాగాలకు దానిని వాడుతున్నారు. ఛార్న్‌లే గోటితో గీరి చూసి, పనికిరాదని తేల్చేసి, ఊరు వెళ్లాడు. ఆయన దగ్గర హారీ క్రేవెన్ అనే మెకానిక్ ఉండేవాడు. అతడు మాట వినకుండా ఆ ముక్కను అరుగుదల యంత్రానికి ఎక్కించాడు. మూడు వారాలు రాత్రింబవళ్లు తిప్పినా టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత కూడా అది అరగలేదు. ఆ ఏడాదే దానితో గిన్నె చేసి రోగికి వేశారు. ఆ జాతి ప్లాస్టిక్‌నే ఇప్పటికీ తుంటి, మోకాలి కీళ్లలో వాడుతున్నారు. డాక్టరు గోరు చెప్పలేనిది యంత్రం చెప్పింది. మెకానిక్ మొండితనానికి కూడా కొంత మార్కులు వేయాలి.

యంత్రమూ అన్నీ చెప్పదు. 2010లో ఒక పెద్ద విదేశీ కంపెనీ లోహం మీద లోహం తిరిగే తుంటికీలును ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అప్పటికి సుమారు 93,000 మందికి అవి వేసి ఉన్నారు. మన దేశంలో సుమారు 4,700 మంది. ప్రయోగశాలలో గిన్నెను సరైన వాలులో బిగించి తిప్పారు, బాగానే తిరిగింది. ఆపరేషన్ గదిలో ప్రతి గిన్నే అదే వాలులో కూర్చోదు. కాస్త నిటారుగా కూర్చుంటే అంచు ఒరుసుకుని లోహపు పొడి రాలింది. ఆ గొడవలో ఎందరో రోగులకు తమ ఒంట్లో ఏ కంపెనీ కీలు ఉందో తెలియనే తెలియదు. రాడ్డు, కీలు వచ్చే పెట్టెమీద కంపెనీ పేరు, రకం, బ్యాచి నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. ఆసుపత్రివారు ఒకటి కేసుషీటులో అంటిస్తారు. డిశ్చార్జి కాగితంమీద కూడా అంటించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

బొమ్మకు తెలియని సంగతులు

బొమ్మ ఎముకకు నెత్తురు లేదు, ప్రాణం లేదు. అతుక్కోవడం దానికి రాదు. పుత్తూరు కట్టు కట్టేవారు ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో బిగించినా, పెద్ద డాక్టరు పలక వేసినా, చివరకు అతికించేది ఎముకే. పలక పని ఎముక అతుక్కునేదాకా కదలకుండా కాయడం. నాలుగు నెలలకు ఎముక అతుక్కుంటే పలకకు పని తగ్గుతుంది. అతుక్కోకపోతే బరువంతా పలకే మోసి మోసి ఒకనాడు విరుగుతుంది. ‘నాసిరకం రాడ్డు వేశారు’ అని ఊళ్లో అనుకునే సందర్భాల్లో కొన్నిటికి అసలు కారణం ఇదే. ఎన్నిటికో అని చెప్పడం కష్టం.

కొలతల సమస్య ఒకటి ఉంది. ఈ బొమ్మలూ, వాటిమీద పరీక్షించిన రాడ్లూ చాలాకాలం పాశ్చాత్యుల ఒడ్డూ పొడుగూ చూసి చేసినవి. మన దేశపు తొడ ఎముకలను కొలిచిన వైద్యులు మనవి చిన్నవని, మెడ సన్నమని, కొన్ని విదేశీ రాడ్లు, స్క్రూలు సరిగా ఇమడడం లేదని రాశారు. ఇప్పుడు చిన్న సైజులు దొరుకుతున్నాయి. స్కాన్ తీసి రోగి ఎముకనే త్రీడీ ప్రింటరుమీద అచ్చు తీసి, ఆపరేషనుకు ముందు పలకను దానికి తగ్గట్టు వంచి పెట్టుకునే వైద్యులూ ఉన్నారు. అది ఆకారం వరకే. దానిని బలపరీక్షకు వాడడానికి వీలు లేదు.

ఫ్లోరైడు ఎముక సంగతేమిటి?

నల్లగొండ జిల్లాలో ఈ విషయం చదివేవారికి వెంటనే తట్టే ప్రశ్న ఇది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉంటే తాగడానికి పనికిరాదు. మర్రిగూడ ప్రాంతంలోని పల్లెలు తరాలపాటు అంతకంటె ఎంతో ఎక్కువ ఉన్న నీళ్లు తాగాయి. దేశంలో ఈ జబ్బు గురించి మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెలను చూసి. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. కాని పాతవారి ఎముకల్లో చేరినది అంత సులభంగా పోయేది కాదు.

ఫ్లోరైడు ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దిట్టంగా కనబడుతుంది. చూస్తే బలంగా ఉందనిపిస్తుంది. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు ఒకప్పుడు అలాగే అనుకుని, బోలెముకల జబ్బు ఉన్న ముసలివాళ్లకు ఫ్లోరైడు మందుగా ఇచ్చి చూశారు. 202 మంది స్త్రీలను రెండు భాగాలు చేసి, నాలుగేళ్లు గమనించి, 1990లో ఫలితం ప్రకటించారు. మందు తీసుకున్నవారి వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. మిగతా ఎముకల సంగతి ఇంకా అన్యాయం. మందు తీసుకోనివారిలో 24 చోట్ల విరిగితే, తీసుకున్నవారిలో 72 చోట్ల విరిగాయి. సున్నం పాలు ఎక్కువై పీచుతో పొత్తు చెడిన ఎముక బరువుకు ఆగినట్టే ఆగి, వంగాల్సి వచ్చినప్పుడు పుటుక్కుమంటుంది.

వాషాన్ దీవి బొమ్మల్లో ఆరోగ్యవంతుడి ఎముక ఉంది, బోలుబడిన ముసలివాళ్ల ఎముకకు తగ్గ మెత్తని నురుగు ఉంది. చిక్కదనం తగ్గించడం తేలిక, పోసే పదార్థం తగ్గిస్తే సరి. చిక్కదనం పెంచుతూనే పెళుసుదనమూ తేవడం వేరే పని. అందుకు జిగురు మారాలి, పోగుల పాలు మారాలి, జిగురుకూ పోగుకూ మధ్య పట్టు తగ్గాలి. గట్టిపడిన ఫ్లోరైడు ఎముకలో రంధ్రం చేయడమే కష్టమని అలాంటివారికి కీళ్లు మార్చిన వైద్యులు రాశారు. మర్రిగూడ వైపునుంచి తుంటి విరిగి వచ్చిన ముసలాయనకు వేసే రాడ్డు ఆరోగ్యవంతుడి ఎముకబొమ్మ మీద నెగ్గినదే.